బ్రిస్టల్‌లో రామ్మోహన్ రాయ్ సమాధిని చూడడం ఎలా: జీవితం తెలుసుకుని వెళ్ళి, శిలాఫలకం చదవడానికి ఒక మార్గదర్శిని

ఇంగ్లండు పశ్చిమ భాగాన ఉన్న బ్రిస్టల్ నగరంలో, ఆర్నోస్ వేల్ అనే పాత శ్మశానవాటికలో, రాజా రామ్మోహన్ రాయ్ సమాధి ఉంది. చదువు కోసమో ఉద్యోగం కోసమో ఆ దేశానికి వెళ్ళిన తెలుగువారు, వారిని చూడడానికి వెళ్ళే తల్లిదండ్రులు బ్రిస్టల్ మీదుగా తరచుగా ప్రయాణిస్తూనే ఉంటారు. వారిలో కొందరు శ్మశానవాటిక దాకా వెళ్ళి, మండపం ముందు ఫొటో తీసుకుని, పది నిమిషాల్లో తిరిగి వచ్చేస్తారు. సతీసహగమనాన్ని మాన్పించిన మహానుభావుడు అన్న పాఠ్యపుస్తకపు వాక్యం ఒక్కటే వెంట తీసుకువెళ్తే అక్కడ అంతకు మించి చూడడానికి నిజంగానే ఏమీ కనిపించదు. ఆ సమాధి మీద ఉన్న శిలాఫలకాన్ని ఆయన మరణించిన దాదాపు నలభై ఏళ్ళ తరువాత, 1872లో అమర్చారు. అందులో చెప్పినవి కొన్ని, చెప్పకుండా వదిలేసినవి కొన్ని ఉన్నాయి. ఆయన జీవితంలోని ముఖ్య ఘట్టాలను ముందుగా తెలుసుకుని వెళ్ళిన వారికి మాత్రమే ఆ రెండూ కనిపిస్తాయి. అందువల్ల ఈ మార్గదర్శిని దారి చూపించడం కంటే చదవవలసిన తీరు చెప్పడానికే ఎక్కువ చోటు ఇస్తుంది.

వెళ్ళే ముందు

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, అందులో ఎడమ పేజీని శిలాఫలకం కోసం ఖాళీగా ఉంచి, కుడి పేజీలో ఆయన జీవితాన్ని సంవత్సరాల వారీగా రాసుకోవడం మంచి పద్ధతి. జీవితం మొత్తం రాయనక్కరలేదు. ఆయన 1809 నుండి 1814 వరకు రంగపూర్‌లో ఈస్టిండియా కంపెనీ అధికారి జాన్ డిగ్బీ దగ్గర పనిచేశారనీ, ఆ తరువాత కలకత్తాలో స్థిరపడి 1815లో ఏకేశ్వర విశ్వాసాన్ని చర్చించే ఆత్మీయ సభను స్థాపించారనీ, వేదాంత గ్రంథాలను బెంగాలీలోకి తేవడం మొదలుపెట్టారనీ రెండు మూడు వాక్యాలలో గుర్తుంచుకుంటే సరిపోతుంది. ఆగి శ్రద్ధగా చూడవలసినది 1818 నుండి 1833 వరకు గడిచిన పదిహేనేళ్ళను.

మొదట సతీసహగమనం సంగతి రాసుకోండి. బెంగాల్ ప్రెసిడెన్సీలో ప్రభుత్వం లెక్కించిన ప్రకారం 1815లో 378 మంది స్త్రీలు చితి మీద ప్రాణాలు విడిచారు. 1818 నాటికి ఆ సంఖ్య 839కి చేరింది. ఆ 1818లోనే రామ్మోహన్ రాయ్ ఈ విషయం మీద తన మొదటి కరపత్రాన్ని ప్రకటించారు. ఆచారాన్ని సమర్థించే ఒక వ్యక్తికీ, దానిని వద్దనే మరొక వ్యక్తికీ మధ్య జరిగే సంభాషణగా దానిని రాశారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆయన ఎదుటివారి శాస్త్రాన్ని కాదనలేదు. ఆ శాస్త్రాలలోంచే, ముఖ్యంగా మనుస్మృతిలోంచే, భర్త పోయిన స్త్రీకి చెప్పిన మార్గం నియమబద్ధమైన జీవితమే గాని చావు కాదని చూపించారు. 1820లో వచ్చిన రెండవ కరపత్రంలో వాదన ఇంకా ముందుకు సాగి, స్త్రీలకు చదువు చెప్పకుండానే వారికి బుద్ధి తక్కువని ఎలా తేల్చారని నిలదీస్తుంది. ఆ రెండింటినీ ఆయనే ఇంగ్లీషులోకి అనువదించి ప్రకటించారు. దొరికితే వెళ్ళే ముందు తప్పక చదవండి, రెండూ కలిపినా చిన్నవే.

1829 డిసెంబరు 4న గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ ఈ ఆచారాన్ని నిషేధిస్తూ పదిహేడవ రెగ్యులేషన్ తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే అప్పటి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు వర్తించేలా, ఇలాంటి నిషేధమే 1830లో వచ్చింది. చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. చట్టానికి ముందు బెంటింక్ సలహా అడిగినప్పుడు, ఒక్కసారిగా నిషేధిస్తే ప్రభుత్వం మతంలో చేయి పెడుతోందన్న భయం ప్రజలలో పుడుతుందనీ, నిబంధనలు కఠినం చేసి పోలీసుల ద్వారా మెల్లగా అడ్డుకోవడం మేలనీ రామ్మోహన్ రాయ్ చెప్పారు. చట్టం వచ్చిన తరువాత మాత్రం దానికి పూర్తిగా అండగా నిలిచారు. ఈ సంగతి తెలిస్తే ఆయన మీద గౌరవం తగ్గుతుందని కొందరు దాచిపెడతారు. నాకు అది సరి అనిపించదు. చితి దగ్గర స్త్రీని కాపాడడం ఎంత ముఖ్యమో, ఆ కాపాడడం నిలిచి ఉండడం కూడా అంతే ముఖ్యమని ఆలోచించిన మనిషి ఆ సలహాలో కనిపిస్తాడు.

తరువాతి పేజీలో రెండు చిన్న శీర్షికలు పెట్టండి: ఆస్తి, పత్రికలు. 1822లో ఆయన హిందూ స్త్రీల ప్రాచీన ఆస్తి హక్కులను తరువాతి కాలంలో ఎలా కుదించారో వివరిస్తూ ఒక చిన్న గ్రంథం ప్రకటించారు. భర్త ఆస్తిలో భాగం లేని వితంతువుకు బతకడానికి దారి లేకపోవడానికీ, ఆమెను చితి వైపు నడిపించడానికీ సంబంధం ఉందని అందులో గుర్తించారు. ఆయన రచనలలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది దీనికే, ఎందుకంటే ఇది దురాచారం వెనుక ఉన్న డబ్బు లెక్కను బయటపెట్టింది. ఇక పత్రికల విషయానికి వస్తే, 1821లో బెంగాలీలో సంబాద్ కౌముదినీ, 1822లో పారశీకంలో మిరాత్ ఉల్ అఖ్బార్‌నూ నడిపారు. 1823లో పత్రికలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఆజ్ఞ రాగానే, మరికొందరు కలకత్తా ప్రముఖులతో కలిసి సుప్రీంకోర్టుకు విజ్ఞప్తి చేశారు. అది తిరస్కరణకు గురయ్యాక ఇంగ్లండు రాజుకు విన్నవించారు. ఆ షరతులకు లోబడి నడపడం ఇష్టం లేక పారశీక పత్రికను ఆపేశారు. అదే ఏడాది డిసెంబరులో అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ ఆమ్‌హర్స్ట్‌కు లేఖ రాస్తూ, ప్రభుత్వం విద్యకు కేటాయించిన సొమ్మును మరొక సంస్కృత కళాశాలకు కాక గణితం, రసాయన శాస్త్రం, శరీర నిర్మాణ శాస్త్రం వంటివి నేర్పడానికి ఖర్చు చేయాలని కోరారు. ఇవన్నీ కుడి పేజీలో తేదీలతో ఉండాలి. శిలాఫలకం ముందు నిలబడినప్పుడు వీటి అవసరం తెలుస్తుంది.

ఒకే దేవుణ్ణి ఆరాధించడానికి 1828 ఆగస్టు 20న కలకత్తాలో మొదలైన బ్రహ్మసభ, అంటే తరువాతి బ్రహ్మసమాజం, గురించి ఒక వాక్యం చాలు. ఆ సమాజపు ఆలోచనలే తరువాతి తరంలో మన రాజమండ్రికి చేరాయి. 1881 డిసెంబరు 11న అక్కడ మొదటి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం పంతులు గారి పేరును ఆ పక్కనే రాసుకోండి.

చివరి మూడేళ్ళు

రామ్మోహన్ రాయ్ 1830 నవంబరులో కలకత్తా నుండి ఓడలో బయలుదేరి, 1831 ఏప్రిల్ 8న లివర్‌పూల్‌లో దిగారు. వెంట రాజారాం అనే పెంపుడు కొడుకు, ఇద్దరు సహాయకులు ఉన్నారు. వెళ్ళిన పనులు మూడు. మొగల్ చక్రవర్తి రెండవ అక్బర్‌కు కంపెనీ ఇచ్చే భత్యం పెంచమని అడగడం మొదటిది. ఆ పని మీద పంపుతూ చక్రవర్తి ఇచ్చిన బిరుదే మనం ఆయన పేరుకు ముందు చేర్చే రాజా. సతీసహగమన నిషేధాన్ని రద్దు చేయాలని కలకత్తా సనాతనులు ఇంగ్లండులో అప్పీళ్ళు వినే ప్రీవీ కౌన్సిల్‌లో పెట్టుకున్న అర్జీని ఎదుర్కోవడం రెండవది; 1832 జూలైలో ఆ అర్జీని కొట్టివేశారు. కంపెనీ పాలనకు అనుమతినిచ్చే చార్టర్‌ను పొడిగించే సందర్భంలో భారతదేశంలోని న్యాయ, రెవెన్యూ విధానాల గురించి పార్లమెంటు సంఘానికి రాతపూర్వకంగా సాక్ష్యం ఇవ్వడం మూడవది. రైతు మీద పడుతున్న శిస్తు భారం గురించి ఆయన అందులో వివరంగా రాశారు.

1833 సెప్టెంబరు మొదట్లో ఆయన విశ్రాంతి కోసం బ్రిస్టల్ వచ్చారు. దేవుడు ఒక్కడే అని, త్రిత్వాన్ని ఒప్పుకోని యూనిటేరియన్ క్రైస్తవ శాఖకు చెందిన మతాచార్యుడు లాంట్ కార్పెంటర్ ఆహ్వానం మీద, స్టేపుల్టన్ గ్రోవ్ అనే ఇంట్లో దిగారు. అక్కడే జ్వరం పట్టుకుంది. పేరున్న వైద్యులు చూశారు, కలకత్తాలోని ఆయన మిత్రుడు డేవిడ్ హేర్ బంధువుల అమ్మాయి లండన్ నుండి వచ్చి రాత్రింబగళ్ళు పక్కనే ఉండి సేవ చేసింది. మెదడు పొరల వాపుతో సెప్టెంబరు 27 తెల్లవారుజామున కన్నుమూశారు. మరణించే నాటికి ఆయన ఒంటి మీద యజ్ఞోపవీతం ఉంది.

తనను క్రైస్తవుల శ్మశానంలో ఇతరులతో పాటు ఖననం చేయవద్దనీ, వేరే చోట కొంత భూమి కొని అక్కడ ఉంచాలనీ ఆయన ముందే చెప్పి ఉన్నారు. ఆచారం తప్పినట్లు కలకత్తాలో ఎవరైనా రుజువు చేస్తే, కులం పోయిన వ్యక్తి వారసులన్న కారణంతో కొడుకులకు ఆస్తి దక్కకుండా చేయవచ్చన్న భయం దీని వెనుక ఉంది. అందువల్ల అక్టోబరు 18న స్టేపుల్టన్ గ్రోవ్ తోటలోనే, ఎల్మ్ చెట్ల నీడన, ప్రార్థనలు గాని ప్రసంగాలు గాని లేకుండా ఖననం జరిగింది. స్త్రీల ఆస్తి గురించి రాసిన మనిషి అంత్యక్రియలను కూడా ఆస్తి చట్టమే నిర్ణయించింది.

ఆర్నోస్ వేల్ చేరడం

లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుండి బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్‌కు నేరుగా రైళ్ళు ఉన్నాయి. ప్రయాణం సుమారు గంటా నలభై నిమిషాలు. టెంపుల్ మీడ్స్‌లో దిగి బాత్ రోడ్డు పట్టుకుని నడిస్తే అరగంట లోపు శ్మశానవాటిక ద్వారం చేరవచ్చు. ఆ రోడ్డు మీద బస్సులు కూడా తిరుగుతాయి. ఒకటి గుర్తుంచుకోండి: ఆ ఊళ్ళో టెంపుల్ మీడ్స్ కాక పార్క్‌వే అనే మరో స్టేషన్ ఉంది, అది చాలా దూరం. ప్రవేశానికి రుసుము లేదు, నిర్వహణ కోసం విరాళాలు తీసుకుంటారు. ద్వారాలు మూసే వేళ ఋతువును బట్టి మారుతుంది కాబట్టి బయలుదేరే ముందు చూసుకోవాలి. చలికాలంలో అక్కడ సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. శాసనం చదవాలంటే మధ్యాహ్నం లోపు చేరేలా బయలుదేరండి.

ఈ శ్మశానవాటిక 1839లో తెరుచుకుంది. గ్రీకు దేవాలయాల శైలిలో కట్టిన ప్రార్థనా మందిరాలు, కొండవాలు మీద చెట్ల మధ్య వేలాది సమాధులు ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దపు చివర్లో బాగా శిథిలమైన స్థితిలో ఉండగా స్థానికులు ఉద్యమించడంతో 2003లో నగర కౌన్సిల్ తన అధీనంలోకి తీసుకుంది. ఆపై పునరుద్ధరణ జరిగింది. ఇక్కడికి ఇప్పటికీ ఆప్తుల సమాధుల కోసం వచ్చేవారు ఉంటారు కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడడం, ఇతరుల సమాధుల మీద సంచులు పెట్టకుండా ఉండడం మర్యాద.

సమాధి దగ్గర

ప్రధాన ద్వారానికి ఎక్కువ దూరం పోకుండానే సమాధి కనిపిస్తుంది. అడిగితే ఎవరైనా చూపిస్తారు. ముందు శాసనం దగ్గరికి వెళ్ళకుండా, కాస్త దూరంగా నిలబడి ఆకారం చూడండి. చుట్టూ శిలువలు, దేవదూతల బొమ్మలు, గ్రీకు కలశాలు ఉండగా, మధ్యలో స్తంభాల మీద గుమ్మటం నిలిపిన ఛత్రి ఉంటుంది. ఉత్తర భారతదేశంలో రాజుల స్మారకాలుగా కట్టే నిర్మాణం ఇది. స్తంభాల పై భాగాన్నీ, చూరును మోసే ఆధారాలనూ నిదానంగా చూస్తే, కలకత్తా తెలిసిన ఇంగ్లీషువాడు గీసిన నమూనా అని అర్థమవుతుంది. నమూనా ఇచ్చినది విలియం ప్రిన్సెప్; కట్టించినది రవీంద్రనాథ్ ఠాగూర్ తాతగారైన ద్వారకానాథ్ ఠాగూర్. 1842లో ఇంగ్లండు వచ్చిన ద్వారకానాథ్, మిత్రుని అవశేషాలు ఇతరుల తోటలో ఉండిపోకూడదని భావించి ఏర్పాట్లు చేశారు. 1843 మే 29న శవపేటికను స్టేపుల్టన్ నుండి ఇక్కడికి తరలించారు. ఆ తరువాత మండపం లేచింది. 2008 ప్రాంతంలో దీనిని జాగ్రత్తగా మరమ్మతు చేశారు.

ఇప్పుడు నోటుపుస్తకం తెరిచి, శాసనాన్ని ఎడమ పేజీలో ఒక్కొక్క వాక్యంగా రాసుకోండి. ఫొటో తీసుకుని ఇంటికి వెళ్ళి చదువుకోవచ్చునని అనిపిస్తుంది గాని, చేత్తో రాసుకుంటేనే ఏ మాట ఎక్కడ ఉందో, ఏ మాట లేదో పట్టుబడుతుంది. శాసనం ముందుగా ఆయనను భగవంతుని ఏకత్వం మీద దృఢమైన నమ్మకం గల వ్యక్తిగా చెబుతుంది. ఆ తరువాత బహుభాషా పాండిత్యం, భారత ప్రజల సామాజిక, నైతిక, భౌతిక స్థితిని మెరుగుపరచడానికి అలుపెరగకుండా చేసిన శ్రమ, విగ్రహారాధననూ సతీసహగమనాన్నీ రూపుమాపడానికి చేసిన కృషి వస్తాయి. చివర, వారసులు దుఃఖంతోనూ గర్వంతోనూ దీనిని నెలకొల్పారని ఉంటుంది.

ఎడమ పేజీలోని వాక్యాలకు కుడి పేజీలోని సంవత్సరాలతో గీతలు కలపండి. ఏకేశ్వర విశ్వాసానికి 1815, 1828. సతీసహగమనానికి 1818, 1820, 1829, 1832. ఆ పని ముగిశాక కుడి పేజీలో గీత తగలకుండా మిగిలినవి చూడండి. స్త్రీల ఆస్తి హక్కు గురించి మాట లేదు. పత్రికా స్వేచ్ఛ లేదు. ఆమ్‌హర్స్ట్‌కు రాసిన లేఖ, రైతు శిస్తు గురించిన సాక్ష్యం లేవు. ఆయన్ను ఇంగ్లండుకు పంపిన మొగల్ చక్రవర్తి ప్రస్తావన లేదు, మండపం కట్టించిన ద్వారకానాథ్ పేరూ లేదు. 1870లో కేశవ చంద్ర సేన్ బ్రిస్టల్ వచ్చి ఈ సమాధిని దర్శించారు. అప్పటి బ్రహ్మసమాజ నాయకులకూ, వారి యూనిటేరియన్ మిత్రులకూ రామ్మోహన్ రాయ్ అన్నిటికంటే ముందు ఒక మతాచార్యుడు. రెండేళ్ళకు అమర్చిన ఫలకం ఆ దృష్టికి దగ్గరగా ఉందని నేను అనుకుంటాను. అది అబద్ధం కాదు, అసంపూర్ణం. కలిపే మాటగా ఉన్న ప్రజల సామాజిక, భౌతిక స్థితి అన్న పదబంధంలోనే మిగిలినవన్నీ మీరు పూరించుకోవాలి.

పుట్టిన సంవత్సరం దగ్గర కూడా ఆగండి. ఫలకం మీద 1774 అని ఉంటుంది. నేడు ఎక్కువగా అంగీకరించేది 1772 మే 22. భారత ప్రభుత్వం 250వ జయంతి ఉత్సవాలను 2022 మే 22న మొదలుపెట్టింది ఆ లెక్కనే. పిల్లలను వెంట తీసుకువెళ్తే ఈ ఒక్క తేడా చూపించి, రాతి మీద చెక్కినంత మాత్రాన తేదీ ఖాయం కాదని వివరించడానికి ఇది మంచి అవకాశం.

అదే రోజు ఊళ్ళో

సమయం ఉంటే నగరం మధ్యలోని కాలేజ్ గ్రీన్‌కు వెళ్ళండి. అక్కడ నిరంజన్ ప్రధాన్ మలచిన రామ్మోహన్ రాయ్ కంచు విగ్రహం ఉంది. భారత స్వాతంత్ర్యానికి యాభై ఏళ్ళు నిండిన 1997లో దానిని నెలకొల్పారు. అక్కడి నుండి పార్క్ స్ట్రీట్ ఎత్తు ఎక్కితే క్వీన్స్ రోడ్డులోని బ్రిస్టల్ మ్యూజియం వస్తుంది. హెన్రీ పెరోనెట్ బ్రిగ్స్ ఆయనను ఎదురుగా చూస్తూ లండన్‌లో గీసిన నిలువెత్తు చిత్రపటం ఆ మ్యూజియానిదే. ప్రదర్శనలు మారుతూ ఉంటాయి కాబట్టి అది గోడ మీద ఉందో లేదో ముందే కనుక్కోండి. ఉంటే మాత్రం విగ్రహం కంటే దానికే ఎక్కువ సమయం ఇవ్వండి, ఎందుకంటే అది బతికి ఉన్న మనిషిని చూస్తూ గీసినది. లూయిన్స్ మీడ్ వీధిలో కార్పెంటర్ ఆచార్యుడిగా ఉన్న యూనిటేరియన్ ప్రార్థనాలయపు భవనం ముందుభాగం ఇప్పటికీ నిలిచి ఉంది. 1833 సెప్టెంబరులో రామ్మోహన్ రాయ్ అక్కడ ప్రార్థనకు హాజరయ్యారు. ఇప్పుడది ప్రార్థనాలయం కాదు, బయటి నుండి చూసి వచ్చేయవచ్చు. కార్పెంటర్ కుమార్తె మేరీ అప్పుడు ఆయనను చూసిన యువతి; తరువాత 1866లో భారతదేశానికి వచ్చి బాలికల విద్య కోసం పనిచేశారు, రామ్మోహన్ రాయ్ చివరి రోజుల గురించి పుస్తకం కూడా ప్రకటించారు. స్టేపుల్టన్‌లోని మొదటి ఖనన స్థలానికి ప్రత్యేకంగా వెళ్ళవలసిన పని లేదు.

లండన్‌లో ఒక పూట దొరికితే రెండు చోట్లు చూడవచ్చు. బెడ్‌ఫర్డ్ స్క్వేర్ 49వ నంబరు ఇంటి మీద ఆయన నివసించినట్లు నీలి ఫలకం ఉంది; డేవిడ్ హేర్ సోదరుల ఇల్లు అది. నగరానికి వాయవ్యాన ఉన్న కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో, బ్రిస్టల్ మండపం కట్టించిన ద్వారకానాథ్ ఠాగూర్ సమాధి ఉంది; ఆయన 1846లో లండన్‌లో మరణించారు. కలకత్తా వెళ్ళేవారికి రాజా రామ్మోహన్ సరణిలోని మ్యూజియం, ఆయన ఒకప్పుడు నివసించిన మానిక్‌తలా ఇంట్లో నేడు నడుస్తున్న పోలీసు మ్యూజియం ఉన్నాయి.

తేదీ ఎంచుకునే వీలున్నవారు సెప్టెంబరు చివర్లో బ్రిస్టల్ వెళ్ళేలా చూసుకోండి. వర్ధంతి అయిన 27వ తేదీకి దగ్గరగా వచ్చే ఒక ఆదివారం ఆర్నోస్ వేల్‌లో ఏటా స్మారక కార్యక్రమం జరుగుతుంది. ఏ ఆదివారమన్నది ప్రతి ఏడూ మారవచ్చు కాబట్టి శ్మశానవాటిక నిర్వాహకులను ముందుగా అడిగి నిర్ధారించుకుని రైలు టికెట్లు తీసుకోండి. ఆ రోజు సమాధి చుట్టూ జనం ఉంటారు. శాసనం రాసుకునే పని కార్యక్రమానికి ఒక గంట ముందే ముగించుకోవడం మంచిది.